దించిన పటం

పోయిన క్రిస్మసు సెలవుల్లో మా ఇంటి గోడమీదినుంచి ఒక పటం దిగింది. దించినవాణ్ణి నేనే. చూడబోతే అది చిన్న విషయమే. కానీ దానివల్ల మా ఇంట్లో కొన్నాళ్ళు మాటలు తగ్గాయి. నాకు తెలుసుననుకున్నది ఏదీ నాకు తెలియదని తేలింది. సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, ప్రయోగశాలలో నేర్చుకున్నవాటికంటె ఈ పాఠమే రాయదగినదిగా తోచింది. ఆరాధన గురించి రాసే అధికారం బి.యస్సీ. చదివేవాడికి ఎక్కడిదని ఎవరైనా అడిగితే, అధికారం ఏమీ లేదనీ, చేసిన తప్పు మాత్రం నా సొంతమేననీ మనవి చేసుకుంటున్నాను.

మాది ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. 2022లో కర్నూలు జిల్లాను విడదీసి నంద్యాల జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు ఆత్మకూరు అందులోకి వచ్చింది. నల్లమల అడవి మాకు ఇరుగుపొరుగు. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలానికి కాలినడకన పోయే భక్తులు, ముఖ్యంగా కర్ణాటకనుంచి వచ్చేవారు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, అక్కడ నాగలూటి అడవిదారి పడతారు. మొహర్రం వస్తే మా వైపు ఊళ్ళల్లో పీర్లు లేస్తాయి. మా పేటలో చిన్న చర్చి ఉంది. మేము దాన్ని గుడి అనే అంటాం. ఉగాదికి ముందు ఎండలో నడిచిపోయే భక్తులకోసం మా అవ్వ కడవెడు మజ్జిగ కలుపుకొని పోయి దోవపక్కన కూర్చునేది. "మనం యేసుప్రభువు బిడ్డలం గదా అవ్వా, వాళ్ళకు మజ్జిగ ఏంటికి?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "దప్పికకు ఏ మతముందిరా?" అన్నది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా అర్థం కాలేదనే చెప్పాలి.

ఇక పటం సంగతి. అది నిజానికి ఒక ఎరువుల దుకాణంవాళ్ళు ఇచ్చిన క్యాలెండరు. యేసుప్రభువు ఒక గొర్రెపిల్లను భుజాలమీద వేసుకొని నిలబడి ఉంటాడు. ఆ ఏడాది గడిచిపోగానే అవ్వ కిందనున్న తేదీలు కత్తిరించి, దుకాణం పేరు కత్తిరించి, ఆత్మకూరు పంపి అద్దం కట్టించింది. నాకు ఊహ తెలిసేనాటికే అది గోడమీద ఉంది. దానికొక ప్లాస్టిక్ పూలదండ. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఒక ఊదుబత్తి. పొద్దున చేనికి పోయేముందు అవ్వ ఆ అద్దం మీద వేళ్ళు ఆనించి, కళ్ళకు అద్దుకొని గడప దాటేది. ఆమెకు చదువు రాదు. బైబిలు గుడిలో అయ్యగారు చదివితే వినడమే.

కాలేజీలో చేరాక హాస్టల్లో ఒక ప్రార్థనాబృందంతో నాకు పరిచయమైంది. మంచి స్నేహితులు, నా చదువుకూ నడతకూ వారివల్ల మేలే జరిగింది. అక్కడ ఒక శుక్రవారం పది ఆజ్ఞలలో రెండవదాని గురించి చాలాసేపు చర్చ జరిగింది. దేవునికి రూపం చేసి దానికి మొక్కకూడదని ఆ ఆజ్ఞ చెబుతున్నది. వింటున్నంతసేపూ నా కళ్ళముందు మా ఇంటి గోడే ఆడింది. దండ, ఊదుబత్తి, అద్దంమీద అవ్వ వేలిముద్రలు. పరాయివాళ్ళ గుళ్ళను గురించి మాట్లాడుకుంటున్నాం గాని విగ్రహం మా ఇంట్లోనే ఉందికదా అని సిగ్గుపడ్డాను.

డిసెంబరులో ఇంటికి పోయిన మర్నాడే, అమ్మా అవ్వా పత్తి తీయడానికి పోయిన సమయం చూసి, పటం దించి, దండ తీసి పారేసి, పటాన్ని సామాన్ల అటకమీదికి తోశాను. సాయంత్రం వాళ్ళు రాగానే నిర్గమకాండము తీసి ఇరవయ్యవ అధ్యాయం గట్టిగా చదివి వినిపించాను. పరీక్షలో వచ్చిన ప్రశ్నకు జవాబు తెలిసినవాడి గొంతు నాది. అవ్వ ఒడిలోని పత్తి గింపులు ఏరుకుంటూ ఆసాంతం విన్నది. నేను ముగించాక, "సరేరా, దేవుని మాట దేవుని మాటే" అన్నది. ఆ తరువాత గోడవైపు చూసి, "గోడ బోసిపోయెనే" అని లేచిపోయింది. అంతే. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు.

మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చి చూశాను. అవ్వ తలకు గుడ్డ చుట్టుకొని చేనికి బయలుదేరుతున్నది. అలవాటు చొప్పున ఆమె చేయి గోడమీదికి లేచింది. వేళ్ళకు అద్దం తగలలేదు. ఉత్త సున్నం తగిలింది. చేయి కొంచెంసేపు అక్కడే ఆగి కిందికి దిగింది. చీకట్లో దొంగగా చూసిన ఆ చేయిని నేను ఇప్పటికీ మరవలేదు. ఆజ్ఞ ప్రకారం నేను చేసింది సరైన పనే అయితే నాకెందుకు అంత సిగ్గు వేసింది?

మూడోనాటి రాత్రి అన్నాలయ్యాక అవ్వ తనంతట తానే మాట ఎత్తింది. పటం సంగతి కాదు, వాళ్ళ నాయన సంగతి.

అవ్వ పుట్టిల్లు ఆళ్ళగడ్డ దాటి ముత్యాలపాడు వైపు. పంతొమ్మిదవ శతాబ్దం రెండో సగంలో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల వంటి చోట్ల కేంద్రాలు పెట్టి పనిచేసింది. ఊరి బడి గడప తొక్కనివ్వని మా పేటలవాళ్ళలో అనేకులు ఆ మిషన్ బడుల్లోనే అక్షరాలు దిద్దారు. మా ముత్తాత ఇంటికి తరతరాలుగా ఒక పని ఉండేది. ఊరమ్మకు దేవర చేసేటప్పుడు తప్పెట కొట్టాలి. దున్నపోతు ముందు కొట్టుకుంటూ ఊరంతా తిరగాలి. అది ఇష్టమైతే చేసే పని కాదు, కట్టుబడి. దానికి బదులుగా కోతలప్పుడు రైతులు కళ్ళంలో మేర గింజలు కొలిచేవారు. బాప్తిస్మం తీసుకున్న ఏడు ముత్తాత తప్పెట దించాడు. "నేను ఇంక కొట్టను సామీ" అని పెద్దమనుషుల ముందు చేతులు కట్టుకొని చెప్పాడట. "మేళం లేకుండా దేవర ఎట్లరా?" అని వాళ్ళు అడిగారు. బతిమాలారు, బెదిరించారు. చివరకు మేర ఆపేశారు. ఆ ఏడు కూలికి పిలిచినవాడు లేడు. ఇంటిల్లిపాదీ అడవిలో దుంపలు తవ్వుకొని తిన్నారని అవ్వ చెప్పింది. ఆమె అప్పటికి పుట్టలేదు. వాళ్ళమ్మ చెప్పగా విన్నది.

కథ ముగించి అవ్వ నావైపు చూసింది. "మా నాయన తప్పెట దించినాడు, కడుపు మాడ్చుకున్నాడు. నువ్వు పటం దించితివి. నీకేం పోయిందిరా?" అన్నది.

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ముత్తాత దించినదానికి వెల ఆయనే చెల్లించాడు. నేను దించినదానికి వెల అవ్వ చెల్లించింది. విగ్రహాన్ని విడిచిపెట్టడమంటే తన చేతిలోనిదాన్ని విడిచిపెట్టడం; పక్కవారి చేతిలోనిదాన్ని లాక్కోవడం కాదు. ఇంత చిన్న తేడా నాకు ఏ చర్చలోనూ తట్టలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక బైబిలు మళ్ళీ తీశాను. ఈసారి అవ్వకు వినిపించడానికి కాదు. అదే నిర్గమకాండములో, ఆజ్ఞలు వచ్చిన కొన్ని అధ్యాయాల తరువాతే బంగారు దూడ కథ ఉంది. మోషే కొండ దిగి రావడం ఆలస్యమైతే జనం ఓపిక పట్టలేక అహరోను చేత పోత పోయించిన దూడ అది. ఎన్నోసార్లు విన్న కథే గాని ఒక సంగతి నేను గమనించలేదు. దూడను నిలబెట్టిన అహరోను, మర్నాడు యెహోవాకే పండుగ అని చాటించాడు. అంటే వాళ్ళు వేరే దేవుణ్ణి పెట్టుకున్నామని అనుకోలేదన్నమాట. ఉన్న దేవుణ్ణే తమ చేతికి అందేటట్టు, తమ ఇష్టం వచ్చినప్పుడు తమ ముందు నడిచేటట్టు మలుచుకున్నారు. తప్పు అక్కడుంది.

దానికి పక్కన పెట్టవలసింది ఇత్తడి సర్పం కథ. అడవిలో పాము కాటుకు గురైనవాళ్ళు చూసి బతకడానికి దేవుడే మోషేతో ఆ సర్పాన్ని చేయించాడు. శతాబ్దాలు గడిచాయి. జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. అప్పుడు హిజ్కియా రాజు దాన్ని ముక్కలు ముక్కలుగా కొట్టించాడు. అదే సర్పం ఒకనాడు ప్రాణం నిలిపింది, ఇంకొకనాడు విగ్రహమైంది. ఇత్తడి మారలేదు, దాన్ని చూసే చూపు మారింది. అయితే ఇక్కడ నాకొక వాదం దొరికింది. హిజ్కియా కొట్టించాడు కదా, నేను దించితే తప్పేమిటి? తప్పేమిటంటే, హిజ్కియా రాజు. ఆ దేశపు ఆరాధనకు బాధ్యుడు. పైగా చాటుగా చేయలేదు. నేను పత్తి తీతకు పోయిన వేళ చూసి చేశాను.

ఇక్కడ మా హాస్టల్ గది సంగతి ఒకటి చెప్పాలి. నా గదిలోని మిత్రుడు గుంటూరు జిల్లావాడు, లూథరన్ సంఘంవాడు. పటం దించానని నేను గొప్పగా చెప్పుకోబోతే, "రెండవ ఆజ్ఞ విగ్రహాల గురించి ఎక్కడిది? దేవుని నామాన్ని వ్యర్థంగా వాడకూడదన్నదే రెండవది" అన్నాడు. ఇద్దరం పందెం కాశాం. తీరా చూస్తే ఇద్దరమూ గెలిచాం. ఆంగ్లికన్లు, బాప్టిస్టులు విగ్రహాల మాటను ప్రత్యేకంగా రెండవ ఆజ్ఞగా లెక్కపెడతారు. రోమన్ కాథలిక్కులు, లూథరన్లు దాన్ని మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశపడకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా విడదీస్తారు. ఎవరి లెక్క ప్రకారమైనా పదే. పందెం డబ్బు టీకి ఖర్చయింది గాని, ఆ రెండు ఆజ్ఞలు పక్కపక్కన ఎందుకున్నాయన్న ఆలోచన నాలో మిగిలింది. దేవునికి రూపం చేసి పట్టుకోవడం ఒకటి. దేవుని పేరును మన పనికి వాడుకోవడం ఒకటి. రెండూ ఒకే చెట్టు కొమ్మలు. ఒకటి చేత్తో చేసేది, రెండోది నోటితో చేసేది.

నోటితో చేసేదాంట్లో నేను ఆరితేరినవాణ్ణని క్రిస్మసుకు రెండు రోజులముందు తెలిసింది. ఆరోజు నాయన పత్తి అమ్మి వచ్చాడు. ముఖం బాగాలేదు. తరుగు పోయింది, హమాలీ పోయింది, కమీషను పోయింది. తేమ ఉందని ధరలో ఇంత కోసుకున్నారు. లెక్క రాయమని నా చేతికి కాగితం ఇచ్చాడు. ఎరువుల దుకాణంలో అప్పు పోను మిగిలింది చూసి నాకు మాట రాలేదు. ఆ సమయంలో నా జేబులో ఐదు వందల రూపాయలున్నాయి. నాయన దగ్గర దాచినవి. ఎందుకు దాచావని అడిగితే చెప్పాను: ఫిజికల్ కెమిస్ట్రీ పరీక్షలో గట్టెక్కిస్తే ఐదు వందలు కానుక ఇస్తానని ప్రభువుకు మొక్కుకున్నాను, గట్టెక్కాను, మెస్సు ఖర్చు తగ్గించుకొని దాచాను, క్రిస్మసునాడు చందాసంచిలో వేస్తాను.

నాయన నవ్వాడు. ఆరోజు ఆయన నవ్విన నవ్వు అదొక్కటే. "అంటే ఆయప్పను కూడా కమీషనుదారుణ్ణి చేస్తివన్నమాట" అన్నాడు. "సరుకు అమ్మిపెట్టు, నీ రూపాయి నువ్వు తీసుకో అని. నువ్వు చదవకుండా ఉండి, ఆయన పాస్ చేయించకుంటే, ఇంకొక మండీ చూసుకుందువేమో."

మా నాయన గుడిలో ముందు వరుసలో కూర్చునే మనిషి కాడు. వేదాంతం మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. కానీ మండీలో మోసపోయి వచ్చిన మనిషికి బేరం వాసన తెలుస్తుంది. అవ్వ పటం ముందు ఏనాడైనా ఏదైనా అడిగిందా అని ఆలోచించాను. వానలు రాని ఏడు కూడా ఆమె అద్దం తాకి కళ్ళకద్దుకొని చేనికి పోయింది. వానలు ముంచిన ఏడు కూడా పోయింది. ఇస్తే ఇస్తాననలేదు. ఆమె చేతిలో కాగితం ఉంది, కానీ బేరం లేదు. నా చేతిలో కాగితం లేదు, బేరం ఉంది. మా ఇద్దరిలో విగ్రహం ఎవరి దగ్గర ఉన్నట్టు?

ఈ ప్రశ్న మా ఇంటితో మొదలైంది కాదు. క్రైస్తవ లోకమంతా ఎన్నో శతాబ్దాలు దీనిమీద కొట్లాడింది. 787లో నైసియాలో కూడిన సభ, పటాలకు గౌరవం చూపవచ్చుననీ, ఆ గౌరవం పటంలోనివారికి చేరుతుందనీ, ఆరాధన మాత్రం దేవునికొక్కడికేననీ తీర్మానించింది. ఆ తరువాత ఎనిమిది వందల ఏళ్ళకు, 1566లో, నెదర్లాండ్స్ ప్రాంతంలో సంస్కరణవాదుల గుంపులు చర్చిలలో దూరి బొమ్మలను పగలగొట్టాయి. మన రాష్ట్రంలోనే చూడండి: ఫిబ్రవరిలో విజయవాడ గుణదలలో మేరీమాత ఉత్సవాలకు వేలాదిమంది వస్తారు, తలనీలాలు ఇచ్చేవారూ, కొబ్బరికాయలు కొట్టేవారూ ఉంటారు. ఆ పక్క ఊరిలోనే గోడమీద సిలువ తప్ప ఏమీ ఉంచని మందిరాలూ ఉంటాయి. ఎవరు సరి అని తీర్పు చెప్పే తాహతు నాకు లేదు. ఒకటి మాత్రం తెలిసింది. గోడ ఖాళీగా ఉన్నంతమాత్రాన మనసు ఖాళీగా ఉండదు.

మా నంద్యాల చరిత్రే దీనికి ఒక సాక్ష్యం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘాన్ని స్థాపించారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలయింది. ఆ కలయికలో నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది చేరలేదు. బిషప్పుల చేతులమీదుగా తరతరాలుగా వచ్చిన గురుత్వం, తమ ప్రార్థనల పుస్తకం, తమ సంస్కార విధానం పలచబడిపోతాయని వారి భయం. 1963లో నంద్యాల వేరే డయాసిస్ అయింది. చివరకు 1975లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళు. పక్క పక్క పల్లెల్లో ఒకే ప్రభువును కొలిచేవాళ్ళు రెండు సంఘాలుగా ఉన్నారు.

అది పట్టుదలా, విగ్రహారాధనా? అవ్వనడిగితే, "మా అయ్యగార్లు మంచోళ్ళే, అవతలి అయ్యగార్లూ మంచోళ్ళే" అంటుంది. నాకు తోచింది ఇది: ఒక పద్ధతిని ప్రేమతో కాపాడుకోవడం తప్పు కాదు. తప్పెట దించి ఆకలికి ఓర్చినవాళ్ళకు ఆ ప్రార్థనల పుస్తకమే ఊరట. దాన్ని వదులుకోమంటే భయపడరా? కానీ పద్ధతిని కాపాడే పనిలో పక్కవాడు శత్రువుగా కనిపించడం మొదలైతే, పద్ధతి మెల్లగా దేవుని పీటమీదికి జరుగుతున్నదని గుర్తు. పటానికైనా, ప్రార్థనల పుస్తకానికైనా, పటాలు వద్దనే నా వాదానికైనా ఇదే పరీక్ష. నా వాదానికి కూడా నేనొక దండ వేసి ఊదుబత్తి వెలిగించాను; నాకు కనపడలేదు, అంతే.

క్రిస్మసు ముందటి రాత్రి మా పేటలో ఊరేగింపు ఉంటుంది. నక్షత్రం దీపం పట్టుకొని పిల్లలు ముందు నడుస్తారు. ఇంటింటిముందు ఆగి కీర్తన పాడతారు. ఈసారి మా కుర్రాళ్ళు రెండు తప్పెటలు తెచ్చారు. చితుకుల మంట వేసి వాటిని కాచి, శ్రుతి చూసుకొని కొట్టారు. నేను ఉలిక్కిపడి అవ్వవైపు చూశాను. వాళ్ళ నాయన ఆకలికి ఓర్చి దించిన తప్పెట అది. ఇప్పుడు గుడిముందే మోగుతున్నది. ఆమెకు కష్టం కలుగుతుందేమోనని దగ్గరికి పోయాను. అవ్వ తలాడిస్తూ తాళం వేస్తున్నది.

"మీ నాయన దించింది ఇదే గదా అవ్వా?" అన్నాను.

"మా నాయన దించింది తోలు కాదురా. కట్టుబడి" అన్నది. "అప్పుడు కొట్టకుంటే కూడు లేదనిరి. ఇప్పుడు వీళ్ళు సంతోషం పట్టలేక కొడుతుండారు. రెండూ ఒకటేనా?"

మన తెలుగు సంఘాల పెద్దలకు ఈ వివేకం మొదటినుంచీ లేకపోలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు క్రైస్తవ కీర్తనలను పరదేశపు బాణీల్లో కాక మన రాగతాళాల్లో కట్టారు. అవి నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి, మా అవ్వవంటి చదువురానివారి నోట ఉన్నాయి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. ఆయన హయాంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కతీడ్రల్‌లో హిందూ, ముస్లిం నిర్మాణరీతులు కలిసి ఉంటాయి. గ్రామాలలోని మాల మాదిగ సంఘాల మధ్య తిరిగిన ఆ మనిషికి విగ్రహారాధన అంటే ఏమిటో తెలియక కాదు. స్తంభం ఆకారంలోనో, రాగం పేరులోనో విగ్రహం ఉండదని తెలిసే ఆ పని చేయించి ఉంటాడని నాకనిపిస్తుంది.

సైన్సు విద్యార్థిని కనుక నాకు తెలిసిన భాషలో చెప్పుకుంటాను. ఇంటర్మీడియట్‌లో మాకు బోర్ పరమాణు నమూనా చెప్పారు. మధ్యలో కేంద్రకం, చుట్టూ వలయాల్లో ఎలక్ట్రానులు. 1913లో బోర్ ప్రతిపాదించిన ఆ నమూనా హైడ్రోజన్ వర్ణపటాన్ని చక్కగా వివరించింది. మేము నోటుపుస్తకాల్లో వృత్తాలు గీసి చుక్కలు పెట్టుకున్నాం. డిగ్రీలోకి వచ్చాక, ఎలక్ట్రాను అలా వృత్తంలో తిరగదనీ, ఎక్కడ ఉండవచ్చునో సంభావ్యత మాత్రమే చెప్పగలమనీ తెలిసింది. అయినా మా లెక్చరరుగారు బోర్డుమీద మళ్ళీ ఆ వృత్తాలే గీసి పాఠం మొదలుపెడతారు. "ఇది బొమ్మ, ఇది పరమాణువు కాదు" అని ముందే చెబుతారు. నమూనా లేకుండా మనిషి బుద్ధి అడుగు వేయలేదు. నమూనానే వస్తువనుకుంటే అడుగు ముందుకు పడదు. అవ్వకు ఆ క్యాలెండరు బొమ్మ అటువంటి నమూనా. అది బొమ్మ అని ఆమెకు నాకంటె బాగా తెలుసు. ఎరువుల దుకాణం పేరును తన చేత్తోనే కత్తిరించింది కదా!

నిజాయితీగల ఆరాధన ఎట్లా ఉంటుందో చూడాలని నేను హాస్టలు మీటింగులన్నీ తిరిగాను. అది మా వంటింట్లోనే ఉండింది. మా పేట ఆడవాళ్ళందరిలాగే అవ్వ కూడా పొయ్యిమీద ఎసరు పెట్టాక, కడిగే బియ్యంలోనుంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండలోని బియ్యం కొంగులో కట్టుకొని గుడికి తీసుకుపోతుంది. పిడికిటి బియ్యం అంటారు దీన్ని. మన తెలుగు పల్లె సంఘాలు చాలావాటిలో పాత వాడుక ఇది. బియ్యం నిండుగా ఉన్నరోజు పిడికెడు; బియ్యం లేక సంకటి కెలికినరోజు పిడికెడు జొన్నపిండి. దానికి పేరు రాయరు, రసీదు ఇవ్వరు. అందరి పిడికిళ్ళూ ఒకే తట్టలో పడ్డాక ఎవరిది ఏదో దేవునికే తెలియాలి. నేను పటం దించిన మర్నాడు, చేయి ఉత్త గోడను తాకి దిగిన ఆ పొద్దున కూడా, ఆమె వంటింట్లోకి పోయి కుండలో పిడికెడు వేసే చేనికి పోయింది. నేను ఆరోజు అది చూశాను గాని దాని అర్థం తెలియలేదు. పటం పోతే ఆగిపోయేది ఏదీ ఆమె భక్తిలో లేదు.

ఆదివారం చందాసంచి నా ముందుకు వచ్చినప్పుడు ఆ ఐదు వందలు వేయలేదు. మొక్కు తప్పానని కొంత భయం వేసిన మాట నిజం. ఆ భయమే నా విగ్రహమని అప్పుడు గుర్తుపట్టాను. నాలుగు రోజులాగి, ఆ డబ్బు నాయనకిచ్చి ఎరువుల అప్పులో జమ వేయమన్నాను. తరువాతి ఆదివారం నా దగ్గరున్న చిల్లర సంచిలో వేశాను. దానికి బదులు ఏదీ అడగలేదు. ఏమీ అడగకుండా దేవుని ఎదుట నిలబడడం ఎంత కష్టమో నాకు ఆరోజే తెలిసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

సంక్రాంతి దాటాక కాలేజీకి తిరుగుప్రయాణం. బయలుదేరే పొద్దున అటకమీది పటం దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ గోడకు తగిలించబోయాను. అవ్వ వద్దన్నది.

"కోపమా అవ్వా?"

"కోపం ఏంటికి? నెల దినాలు పటం లేకుండానే చేనికి పోతిని గదా. ఆయన పోలేదు. నాకూ తెలిసొచ్చె" అన్నది. పటాన్ని గుడిలో సండేస్కూలు పిల్లలకు ఇమ్మన్నది. గొర్రెపిల్ల కథ చెప్పేటప్పుడు చూపిస్తే వాళ్ళకు బాగుంటుందని. పోతూ పోతూ నేనే తీసుకుపోయి ఇచ్చాను.

"మరి ఈ మేకు పీకేదా?" అని అడిగాను.

"ఉండనీలే. నీ డిగ్రీ పట్టా వచ్చినప్పుడు దానికి తగిలిద్దాం."

"దానికి దండ వేయవు గదా?" అని నవ్వుతూ అన్నాను.

"నేనెందుకు వేస్తానురా? నువ్వే వేసుకుంటావేమోనని నా భయం" అన్నది అవ్వ.